పాత ఇనుము రేటు

శుక్రవారం పొద్దున ఆరున్నరకే వెళ్ళినా నాకు దొరికిన నంబరు పద్నాలుగు. ఇంటి తలుపులు తెరిచేది తొమ్మిదింటికి. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, డేటన్ నగరాన్ని ఆనుకుని కెటరింగ్ అని ఒక ఊరుంది. అక్కడ ఒక చిన్న ఇటుక ఇంటి ముందు, ఫ్లాస్కుల్లో కాఫీ పట్టుకుని, మంచులో కాళ్ళు ఆడిస్తూ నిలబడ్డాం అందరం. నా ముందున్నవాళ్ళలో సగంమంది మొహాలు నాకు తెలుసు. పింగాణీ కోసం వచ్చే ఆవిడ, పాత రికార్డుల కుర్రాడు, ఏది దొరికినా కొని ఇంటర్నెట్‌లో అమ్ముకునే ఇద్దరు వ్యాపారులు. వాళ్ళకీ నేను తెలుసు. 'బేస్‌మెంట్ మనిషి' అంటారు నన్ను. తలుపు తీయగానే హాలు వైపు కూడా చూడకుండా మెట్లు దిగిపోతాను. పనిముట్లు ఎప్పుడూ కిందే ఉంటాయి.

దీన్ని ఎస్టేట్ సేల్ అంటారు. ఇంటాయన పోయాకో, ఇంటావిడ వృద్ధాశ్రమానికి వెళ్ళాకో, ఇంట్లో ఉన్నదంతా, గరిటెల దగ్గర్నుంచి గోడగడియారం దాకా, ధర చీటీలు అంటించి అమ్మేస్తారు. మొదటి రోజు చీటీ మీదున్న ధర. రెండో రోజు కొంత తగ్గింపు. ఆదివారం సగానికి సగం. ఆ తర్వాత మిగిలింది చెత్త బండికి. వేలం అయితే ఇంకో పద్ధతి. పనిముట్లని విడివిడిగా పెట్టరు, అట్టపెట్టెల్లో కలగాపులగంగా పోసి పెట్టె మొత్తానికి పాట పాడతారు. పెట్టె అడుగున ఏముందో ముందురోజు వెళ్ళి చెయ్యి పెట్టి చూసుకున్నవాడిదే లాభం.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. వడ్రంగి కొడుకుని, వడ్రంగం రానివాణ్ణి. కొన్న రంపాలూ ఉలులూ తుప్పు వదలగొట్టి, నూరి, నూనె రాసి గోడకి పెట్టుకుంటాను. వారాంతాల్లో ఒక స్టూలో, పుస్తకాల అరో చేస్తాను. నాన్న చూస్తే నవ్వేవాడు.

అసలు ఈ ఊళ్ళో ఇన్ని పనిముట్లు ఎందుకున్నాయి అన్న ప్రశ్న నాకు మొదటి రెండేళ్ళూ తట్టలేదు. చవగ్గా వస్తున్నాయి, కొంటున్నాను, అంతే. వేరే ఊళ్ళలో ఉన్న మిత్రులు 'మా దగ్గర సుత్తి కూడా సరైంది దొరకదు, నీకు మైక్రోమీటర్లు ఎలా దొరుకుతున్నాయిరా' అని అడిగినప్పుడు మొదటిసారి ఆలోచించాను.

*

1879లో డేటన్‌లో సెలూన్ నడిపే జేమ్స్ రిట్టీ అనే ఆయన, గల్లాపెట్టె దగ్గర పనివాళ్ళు డబ్బు నొక్కేస్తున్నారని విసిగిపోయి, సోదరుడితో కలిసి అమ్మకాలు లెక్కపెట్టే యంత్రం ఒకటి తయారుచేసి పేటెంటు పుచ్చుకున్నాడు. అదే క్యాష్ రిజిస్టర్. ఆయనకి దాంతో పెద్దగా కలిసిరాలేదు. చేతులు మారి చివరికి 1884లో జాన్ ప్యాటర్సన్ చేతికొచ్చి నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీ అయింది. మీట నొక్కితే గంట మోగి, అంకె లేచి, సొరుగు తెరుచుకునే ఆ పెట్టె లోపల వందలకొద్దీ చిన్న చిన్న లోహపు ముక్కలు ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి తేడాగా ఉన్నా అంకె ఇరుక్కుపోతుంది. అలాంటి ముక్కల్ని వేలకి వేలు ఒకేలా తయారుచెయ్యాలంటే ముందు అచ్చులు కావాలి, పట్టుకునే చట్రాలు కావాలి, కొలిచే సాధనాలు కావాలి. వాటిని చేసేవాణ్ణి టూల్‌మేకర్ అంటారు. పనిముట్లకి పనిముట్లు చేసేవాడన్నమాట. డేటన్‌ని నిలబెట్టింది ఈ జాతి మనుషులు.

ఆ ఊళ్ళో పని ఎలాంటిదో చెప్పడానికి రైట్ సోదరుల కథ ఒక్కటి చాలు. అందరికీ ఆ ఇద్దరి పేర్లే తెలుసు. 1903లో ఎగిరిన విమానానికి ఇంజిన్ చేసింది వాళ్ళ సైకిల్ షాపులో మెకానిక్ చార్లీ టేలర్. ఆరు వారాల్లో చేశాడు. క్రాంక్ షాఫ్ట్ కోసం సుమారు 100 పౌన్ల ఉక్కు దిమ్మ తీసుకుని, దాని మీద ఆకారం గీసుకుని, గీత పొడవునా వరసగా బెజ్జాలు వేసి, అదనపు ఉక్కుని ఉలితో కొట్టి వేరుచేసి, మిగిలినదాన్ని లేత్ మీద తిప్పి నునుపు చేశాడు. చివరికి మిగిలింది 19 పౌన్లు. 1937లో హెన్రీ ఫోర్డ్ ఆ సైకిల్ షాపు భవనాన్నే ఊడదీయించి మిషిగన్‌లోని తన మ్యూజియం గ్రామానికి తరలించాడు. లోపలి యంత్రాల్ని వెతికి సమకూర్చడానికి మళ్ళీ ఆ చార్లీ టేలర్నే పిలిపించాడు. నా లెక్కలో ఈ ఊళ్ళో జరిగిన అతిపెద్ద ఎస్టేట్ సేల్ అదే.

తర్వాత చార్లెస్ కెటరింగ్ వచ్చాడు. క్యాష్ రిజిస్టర్‌కి మోటారు బిగించాడు, ఆ ఉద్యోగం వదిలి డెల్కో పెట్టాడు, కారుకి సెల్ఫ్ స్టార్టర్ తెచ్చాడు. నేను వరసలో నిలబడిన ఊరిపేరు ఆయనదే. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ నౌకాదళపు రహస్య సంకేతాల్ని విప్పే యంత్రాలు అమెరికన్ నౌకాదళానికి ఇక్కడే, క్యాష్ రిజిస్టర్ కంపెనీ ఆవరణలోనే తయారయ్యాయి. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళకి 1944 నాటి చట్టం చదువుకీ, ఇంటి అప్పుకీ దారి చూపింది. ఇళ్ళు లేచాయి. ప్రతి ఇంటి కింద ఒక బేస్‌మెంట్, ఆ బేస్‌మెంట్‌లో ఒక బల్ల, బల్లకి ఒక వైస్. పగలు ఫ్యాక్టరీలో వెయ్యో వంతు అంగుళం కొలిచే మనిషి రాత్రి ఇంట్లో పిల్లలకి ఉయ్యాల చేసేవాడు.

ఇక్కడిదాకా నేను చెప్తే మా ఆఫీసులో పిల్లలు ఉత్సాహంగానే వింటారు. తర్వాతది కొంచెం మా అందరికీ తగిలే సంగతి.

1970ల మొదట్లో ఎలక్ట్రానిక్ రిజిస్టర్లు వచ్చాయి. వందల ముక్కల స్థానంలో ఒక సర్క్యూట్ బోర్డు. కొన్నేళ్ళలోనే డేటన్‌లో వేలమంది పనులు పోయాయి, ఫ్యాక్టరీ భవనాలు చాలావరకు కూలగొట్టారు. 2008 డిసెంబర్ 23న, క్రిస్మస్‌కి రెండ్రోజుల ముందు, పక్కనే మొరేన్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు మూతపడింది. తర్వాత అదే షెడ్డులో చైనా అద్దాల కంపెనీ వచ్చింది. 'అమెరికన్ ఫ్యాక్టరీ' డాక్యుమెంటరీ చూసినవాళ్ళకి ఆ షెడ్డు గుర్తుండే ఉంటుంది. 2009లో క్యాష్ రిజిస్టర్ కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్నే జార్జియాకి తీసుకెళ్ళిపోయింది.

మనుషులు మిగిలారు, వాళ్ళ పెట్టెలు మిగిలాయి. ఇప్పుడు ఆ మనుషులు వెళ్ళిపోతున్నారు. నాకు ఐదు డాలర్లకి మూలమట్టం దొరకడానికి వెనక ఇంత చరిత్ర ఉంది. ఆ ముక్కల్ని తీసేసి బోర్డు పెట్టిన వృత్తిలోంచి వచ్చినవాణ్ణే నేనూ.

*

పాత పనిముట్టుని చదవడం ఒక విద్య. కొంచెం నేర్చుకున్నాను.

స్టాన్లీ కంపెనీ చిత్రిక ఒకటి చేతికొచ్చిందనుకోండి. కనెక్టికట్ రాష్ట్రంలో న్యూ బ్రిటన్ అనే ఊరు వాళ్ళది. లెనార్డ్ బెయిలీ అనే ఆయన ఇనప చిత్రికలో బ్లేడుని మరతో పైకీ కిందికీ జరిపే ఏర్పాటు కనిపెట్టాడు. అంతకుముందు చెక్క చిత్రికల్లో మా నాన్న చేసినట్టే, సుత్తితో వెనక ఒకటి, ముందు ఒకటి తట్టి సరిచేసుకోవాల్సిందే. 1869లో స్టాన్లీ వాళ్ళు బెయిలీ పేటెంట్లు కొనేశారు. ఆయన వాళ్ళ దగ్గర కొంతకాలం పనిచేసి, తగువు పడి, బయటికొచ్చి వాళ్ళకే పోటీ పెట్టాడు. ఆయన పేరు మాత్రం ఇప్పటికీ స్టాన్లీ చిత్రికల మీద పోతపోసి ఉంది. అడుగు ఇనుము మీద 1902వి రెండు, 1910ది ఒకటి, మొత్తం మూడు పేటెంటు తేదీలు కనిపిస్తే అది మొదటి ప్రపంచ యుద్ధం రోజులది. బ్లేడు మీద గుండె ఆకారంలో గుర్తుంటే 1920ల ప్రాంతంది. ప్రేమ చిహ్నమేం కాదది, కంపెనీ అధ్యక్షుడిగా చేసిన విలియమ్ హార్ట్ గారి ఇంటిపేరు. ఇత్తడి ఉండాల్సిన చోట నల్ల రబ్బరు మర ఉంటే రెండో యుద్ధకాలం. ఇత్తడంతా తూటాలకి పోయింది.

కొనేటప్పుడు చూడాల్సినవి చాలా తక్కువ. పైపై తుప్పుకి భయపడక్కర్లేదు. బట్టల సోడా కలిపిన నీళ్ళలో ముంచి, బ్యాటరీ ఛార్జర్ తగిలించి ఒక రాత్రి ఉంచితే వదిలిపోతుంది. గుంటలు పడిన తుప్పుని మాత్రం నమ్మకూడదు, అందులోనూ ఉలి వెనక వైపున. చిత్రిక నోటి దగ్గర పోత ఇనుము చిట్లిందేమో చూడాలి. రంపాన్ని కంటికెదురుగా పట్టుకుని వీపు వెంబడి చూస్తే వంకర తెలిసిపోతుంది. మూలమట్టాన్ని ఒక పలక అంచుకి ఆనించి గీత గీసి, తిరగేసి మళ్ళీ అక్కడే గీయాలి. రెండు గీతలూ కలిస్తే అది నిజాయితీపరురాలు.

అన్నిటికంటే నేను ముందు వెతికేది పేరు. అమెరికన్ ఫ్యాక్టరీల్లో యంత్రాలు యజమానివి, కొలత సాధనాలు మాత్రం చాలాచోట్ల పనివాడే సొంత జీతంలోంచి కొనుక్కునేవాడు. పోకుండా ఉండటానికి పేరు చెక్కుకునేవాడు. రిటైరయ్యేటప్పుడు కుర్రవాడికి అమ్మేసేవాడు. ఆ కుర్రవాడు పాత పేరు మీద ఒక గీత కొట్టి కింద తన పేరు చెక్కేవాడు. ఒకే మైక్రోమీటర్ మీద మూడు పేర్లు చూశాను. మొదటిది జర్మన్ పేరు, రెండోది హంగేరియన్‌లా ఉంది, మూడోది ఆపలాచియన్ కొండల నుంచి వచ్చినవాళ్ళకి ఉండేలాంటి పేరు. ఊరికి ఎవరు ఎప్పుడు వలస వచ్చారో జనాభా లెక్కల్లో చూసుకోవచ్చు. ఆ ఉక్కు మీద వేలితో తడిమి కూడా చూసుకోవచ్చు.

ఒక చిక్కుంది. బాగా పనిచేసిన పనిముట్టు మిగలదు. అరిగిపోతుంది. ఇంగ్లండులో బెంజమిన్ సీటన్ అనే కుర్రవాడికి 1796లో వాళ్ళ నాన్న లండన్ దుకాణం నుంచి ఒక వడ్రంగికి కావాల్సిన సరంజామా అంతా కొనిచ్చాడు. కుర్రవాడు అందమైన పెట్టె చేసి, జాబితా రాసి, అందులో సర్దాడు. పెద్దగా వాడలేదు. అందుకే రోచెస్టర్ మ్యూజియంలో ఆ పెట్టె ఇవాళ్టికీ కొత్తగా ఉంది, పద్దెనిమిదో శతాబ్దపు పనిముట్ల గురించి తెలుసుకోవాలంటే చరిత్రకారులు దాని దగ్గరికే వెళ్తారు. చేతులు కాయలు కాసేలా పనిచేసినవాళ్ళ ఉలులు సాన మీద అరిగి అరిగి బొటనవేలంత అయి, చివరికి ఎక్కడో పోయాయి.

మా నాన్న బాడిస అలాగే అయింది. నేను చిన్నప్పుడు చూసిన ఆకు, ఆయన పోయేనాటికి సగం లేదు.

*

మా ఊరు గోదావరి జిల్లా. నాన్న నాగళ్ళు చెక్కేవాడు, బండి చక్రాలు చేసేవాడు, గుమ్మాలు ఎత్తేవాడు. తాత కాలంలో రైతులు ఏడాదికోసారి మేర గింజలు కొలిచేవారట. నాన్న నాటికే అది పోయి కూలి వచ్చింది. ట్రాక్టరు వచ్చాక నాగలి పోయింది, బండి పోయింది. తలుపులు మిగిలాయి. అవీ ఫ్యాక్టరీ తలుపులయ్యాక నాన్న అరుగు మీద కూర్చున్నాడు. దసరాకి మాత్రం సామానంతా కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. ఆ రోజు ఏ పనిముట్టూ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆయన పోయిన నెలకి అన్నయ్య ఫోన్ చేశాడు. ఇల్లు బాగుచేయిస్తున్నాం, నాన్న సామాను పెరట్లో అడ్డంగా ఉంది, ఏం చేద్దాంరా అని.

"అమ్మేయ్ అన్నయ్యా. ఎవరికి పనికొస్తాయి ఇప్పుడు?" అన్నాను.

ఆఫీసులో మీటింగుకి వెళ్ళే తొందరలో అన్నాను. పాత ఇనప సామాన్లవాడు వచ్చి తూకం వేసుకుని పట్టుకెళ్ళాడు. కిలో లెక్కన. పిడులు ఊడగొట్టి మరీ తూచాడట. చెక్కకి రేటు లేదు కదా.

మరుసటి ఏడాది డేటన్‌లో ఒక బేస్‌మెంట్‌లో మొదటిసారి ఉలి కొన్నాను. ఆ రెంటికీ సంబంధం ఉందని అప్పుడు నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

చవక అన్నమాట మీద నాకు అనుమానం మొదలైంది ఆ తర్వాతే. అమ్మేవాళ్ళకి తెలియనిది మనకి తెలియడమే బేరం. మేం వరసలో నిలబడేది అందుకే. ఇంటివాళ్ళకి అది తుప్పుపట్టిన ఇనుము, నాకు 1912 నాటి చిత్రిక. ఆ తేడా నా జేబులోకి వస్తుంది. పాతరోజుల్లో దీనికి పూర్తిగా తిరగబడిన ఆచారం ఒకటి ఉండేది. బ్రిటిష్ నౌకాదళంలో నావికుడు సముద్రం మీద చనిపోతే, వాడి బట్టలూ సామానూ ఓడ మీదే, స్తంభం దగ్గర వేలం వేసేవారు. డబ్బు ఇంటివాళ్ళకి వెళ్ళేది. తోటివాళ్ళు కావాలని ఎక్కువ పాడేవారు. పాత చొక్కాని కొత్తదాని ధరకంటే ఎక్కువకి కొని, మళ్ళీ పాటకి పెట్టమని తిరిగిచ్చేసేవారు. వాళ్ళకి చొక్కా విలువ తెలియక కాదు. ఆ మనిషి ఎవరో తెలుసు.

మాకు తెలియదు. బేరం కుదరడానికి అది కూడా ఒక కారణం.

*

కెటరింగ్ ఇంటికి వస్తాను. తొమ్మిదింటికి తలుపు తెరిచారు. అమ్మకం ఏ కంపెనీకీ అప్పగించలేదు, ఆయన కూతురే స్వయంగా చూసుకుంటోంది. యాభై దాటి ఉంటాయి. నేను మెట్లు దిగేసరికి బల్ల మీద గెర్స్ట్‌నర్ పెట్టె కనిపించింది.

గెర్స్ట్‌నర్ అంటే డేటన్‌దే. హ్యారీ గెర్స్ట్‌నర్ అనే పనివాడు తన సామాను పెట్టుకోవడానికి చేసుకున్న పెట్టెతో మొదలై 1906లో కంపెనీ అయింది. ఓక్ చెక్క, వరసగా సన్నని సొరుగులు, లోపల ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ. టూల్‌మేకర్‌కి అది హోదా. కొత్తది ఇప్పటికీ వేల డాలర్లు చేస్తుంది. దీని మీద చీటీ: 40 డాలర్లు.

చెయ్యి పెట్టాను. మామూలుగా అయితే అప్పుడే చంకలో పెట్టుకునేవాణ్ణి. పై సొరుగు లాగాను. కొలత సాధనాలు వాటి వాటి గుంటల్లో పడుకుని ఉన్నాయి. ప్రతిదాని మీదా ఒకే పేరు, ఒకే చేతిరాత. ఫెల్టు ఒకచోట, రోజూ వేళ్ళు తగిలేచోట, పూర్తిగా అరిగిపోయింది. అక్కడే ఆగిపోయాను.

పైకెళ్ళి ఆవిడతో చెప్పాను. ఆ పెట్టె ధర తప్పు వేశారు, లోపలి సామాను తీసేసినా దానికి పదింతలు వస్తుంది అన్నాను. ఆవిడ నా వంక చూసి, కిందికొచ్చి చీటీ చింపి, 400 అని రాసింది. నా దగ్గర అంత లేదు. నా వెనకే దిగిన వ్యాపారి ఫోన్‌లో ఏదో చూసుకుని, నోట్లు లెక్కపెట్టి, పెట్టె తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా చెవి దగ్గర "బుద్ధిలేదా నీకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నిజంగానే అన్నాడు. ఆ వారంలోనే పెట్టె ఒకచోట, సాధనాలు విడివిడిగా ఇంకోచోట అమ్మకానికి కనిపించాయి. పెట్టెని ముక్కలు చెయ్యకుండా ఉంచగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నా మంచితనమే దాన్ని ముక్కలు చేసింది. ఇందులో నీతి ఏమిటో నాకిప్పటికీ తేలలేదు.

ఆవిడ చేతిలో ఒక వస్తువు మిగిలింది. పెట్టె అడుగు సొరుగులోంచి కిందపడిందట. అగ్గిపెట్టంత ఉక్కు ముక్క, ఒక పక్క వాలు, మధ్యలో రెండు సన్నని బెజ్జాలు, అంచు మీద ఆయన పొడి అక్షరాలు, 1961 అని సంవత్సరం. కొన్నది కాదు, చేసుకున్నది.

"ఇదేమిటో చెప్పగలరా?" అని అడిగింది. నేను చాలాసేపు తిప్పి చూశాను. ఏదో కోణానికి ఆనించి బెజ్జాలు వేయడానికి అనిపించింది. ఏ ముక్కకి, ఏ యంత్రంలో, ఎందుకు? తెలియదు అన్నాను. ఆయనతో పనిచేసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఒక డాలరు ఇచ్చి తీసుకోమంది.

ఇప్పుడది నా బల్ల మీద ఉంది. పక్కనే ఇంకోటి ఉంది. ఊరెళ్ళినప్పుడు పెరటి కిటికీ తలుపుకి అమ్మ ఒక చెక్క ముక్క దోపి ఉంచడం చూశాను. నాన్న తుమ్మ చెక్కతో చేసుకున్నది, పలక అంచుకి సమానంగా గీత గీయడానికి. చిన్న మేకు మొన బయటికి ఉంటుంది. ఇనుము పెద్దగా లేదు కాబట్టి సామాన్లవాడు వదిలేశాడు. దీని పని నాకు తెలుసు. పలక రెండో చివర పట్టుకుని కదలకుండా కూర్చోమని నాన్న నన్నే కూర్చోబెట్టేవాడు. కదిలితే గీత పోయేది, తిట్లు పడేవి.

పోయిన దసరాకి రెంటికీ బొట్టు పెట్టాను. ఉక్కు ముక్క మీద కొట్టేయడానికి ఆయన పొడి అక్షరాలున్నాయి, కింద ఇంకో పేరుకి చోటుంది. ఆనవాయితీ ప్రకారం నాది చెక్కుకోవచ్చు. చెక్కలేదు. దాంతో ఏం చెయ్యాలో తెలిసినవాడు ఎదురైతే వాడి పేరు పడుతుంది.